అత్త అడిగేది మాత్ర, డాక్టరు రాసింది జెల్

ఒడిశాలో పర్లాకిమిడి పక్కన ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామెకు 43 ఏళ్లు, అంగన్‌వాడీ కార్యకర్త. రోజంతా రికార్డులు ఒడియాలో రాస్తానని, మనసులో మాట మాత్రం తెలుగులోనే వస్తుందని అన్నారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

అత్తగారికి 66 ఏళ్లు. పుట్టిల్లు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి వైపు. ఏడెనిమిదేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పులు, కుడిది మరీ ఎక్కువ. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. చిన్న కొడుకుకు పట్నంలో మందుల షాపు ఉంది. అమ్మకు నొప్పి ఎక్కువైందని తెలిస్తే చాలు, పొట్లాలు కట్టి పంపుతాడు. ఒక్కో పొట్లంలో ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన పెద్ద మాత్ర ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి, పేరు తెలియని బుల్లి మాత్ర ఒకటి. నెలలో సగం రోజులు వాటి మీదే నడుస్తున్నాయి. వేసుకున్న గంటకల్లా లేచి తిరుగుతారు, జీడితోటకు కూడా వెళ్లొస్తారు. ఈ మధ్య ముఖం కాస్త ఉబ్బినట్టు కనిపిస్తోందట.

అత్తగారి అన్నకు కిడ్నీలు పాడై సోంపేటకు డయాలసిస్‌కు తిరుగుతున్నారు. ఆ భయంతో కోడలు పట్టుబట్టి అత్తను శ్రీకాకుళం తీసుకెళ్లి పరీక్షలు చేయించారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4 వచ్చింది. నొప్పి మాత్రలు పూర్తిగా మానేయాలని, రెండు మోకాళ్లకూ డైక్లోఫినాక్ జెల్ రోజుకు మూడుసార్లు రాయాలని డాక్టరు చీటీ ఇచ్చారు. ఎంత రాయాలో చీటీలో లేదు. అత్తగారికి చెవులు సరిగా వినపడవు కాబట్టి చెప్పినదంతా కోడలితోనే చెప్పారు.

"పైన రాస్తే లోపలి నొప్పి ఏటి తగ్గుతాది?" అని అత్తగారు. నాలుగు రోజులు రాసి, ట్యూబు గూట్లో పడేశారు. ఈలోగా షాపు ఉన్న ఆ మరిది ఈమె ఫోన్‌కు ఒక మెసేజ్ పంపాడు: దేశంలో రాబందులన్నీ చచ్చింది ఈ డైక్లోఫినాక్ వల్లే, దాన్ని అమ్మకు రాస్తే ఉన్న కిడ్నీలు కూడా పోతాయి అని. ఆడపడుచు ఇంకో అడుగు ముందుకేసి, "మా అమ్మకు మాత్రలు ఇవ్వడానికి కూడా చేతులు రావట్లేదా" అంది. భర్త ఎవరినీ ఏమీ అనరు. ఒకసారి కోడలు పొట్లాలు దాచేస్తే, అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు, మంచం దిగలేదు. ఇక దాచడం మానుకున్నారు.

"జెల్ నిజంగా పనిచేస్తుందా? చేయకపోతే ఆవిడను నొప్పితో ఉంచే హక్కు నాకుందా? మరిదితో తేల్చుకోనా, ఊరుకోనా?" ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా, మీ మూడు ప్రశ్నల్లో రెండోది అసలైనది. కానీ ముందు మందు సంగతి తేలాలి. ఎందుకంటే మీ ఇంట్లో తలా ఒక సగం నిజం పట్టుకుని వాదిస్తున్నారు, మీ అత్తగారితో సహా.

ఆవిడ అడిగినది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. పైన రాసింది లోపలికి ఎలా పోతుందని చదువుకున్నవాళ్లూ అడుగుతారు. మోకాలు చర్మానికి బాగా దగ్గరగా ఉండే కీలు. చిప్ప పక్కన వేలు పెట్టి నొక్కితే కీలు అంచు చేతికి తగులుతుంది. అక్కడ రాసిన డైక్లోఫినాక్ చర్మం గుండా దిగి, కింద ఉన్న కండరాల్లోకి, కీలు చుట్టూ ఉండే పొరలోకి చేరుతుంది. వేళ్ల కణుపులకూ ఇది బాగానే అందుతుంది. తుంటి కీలు మందమైన కండ కింద ఎక్కడో లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ రాసినా పెద్దగా లాభం లేదు. నడుము నొప్పికి కూడా దీని మీద ఆశ పెట్టుకోవద్దు. మోకాళ్లకు మాత్రం ఇది ఏదో ఓదార్పుకు రాసిచ్చే మందు కాదు. అమెరికాలో కీళ్ల వైద్యుల సంఘం 2019లో, బ్రిటన్‌లో వైద్య సూచనలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో మోకాలి అరుగుదలకు పూత మందును గట్టిగా సిఫార్సు చేశాయి. బ్రిటన్ వాళ్లయితే మాత్రకంటే ముందు దీన్నే ఇవ్వమన్నారు.

ఎంత పనిచేస్తుందో కూడా దాచకుండా చెప్పాలి. డైక్లోఫినాక్ పూత మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2016లో కాక్రేన్ సమీక్ష లెక్క కట్టింది. ఆరు నుంచి పన్నెండు వారాలు రాసినవాళ్లలో పదిమందికి ఆరుగురికి నొప్పి బాగా, అంటే సుమారు సగానికి తగ్గింది. మందు కలపని ఉత్త జెల్ రాసుకున్నవాళ్లలో కూడా పదిమందికి అయిదుగురికి తగ్గింది! రాయడం, ఒకరు పట్టించుకోవడం, నొప్పి తనంతట తాను హెచ్చుతగ్గులు కావడం, ఇవన్నీ ఆ అయిదుగురిలో ఉన్నాయి. మందు వల్ల అదనంగా లాభపడింది పదిమందిలో ఒకరు. ఇది చిన్న లాభంలా కనిపిస్తుంది. కానీ మోకాలి నొప్పికి మింగే మాత్రలతో పోల్చి చూసిన పరీక్షల్లో కూడా జెల్ దాదాపు సమానంగానే నిలబడింది. అరిగిన మోకాలికి ఏ మందూ అద్భుతాలు చేయదన్నది ఇందులోని అసలు సంగతి. అలాంటప్పుడు తక్కువ హాని చేసేదాన్ని ముందు పెట్టుకోవడం న్యాయం. పోతే, బెణుకులకు, కండరం పట్టేసినప్పుడు మాత్రం ఇదే జెల్ ఇంతకంటే చాలా బాగా పనిచేస్తుంది.

మరి మీ ఇంట్లో నాలుగు రోజులకే ఎందుకు ఓడిపోయింది? ఎంత రాశారో మీరు ఉత్తరంలో రాశారు: "శనగగింజంత". అక్కడే తేలిపోయింది. చూపుడువేలు చివరి నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి ఒక వరుస పిండితే సుమారు అర గ్రాము. ఒక మోకాలికి ఒక విడతకు కనీసం రెండు గ్రాములు కావాలి, అంటే అలాంటివి నాలుగు వరుసలు. అమెరికాలో అమ్మే జెల్‌తో కొలత గీతలున్న ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఇస్తారు, దాని లెక్క ఒక మోకాలికి నాలుగు గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. బ్రిటన్ లెక్క రెండు నుంచి నాలుగు గ్రాములు, మూడు నాలుగుసార్లు. మీ అత్తగారి కిడ్నీ పరిస్థితిని బట్టి నేనైతే రెండు గ్రాముల దగ్గర మొదలుపెట్టి, అంతే ఉంచాలా అని డాక్టరును అడగమంటాను. ఏ లెక్క చూసినా శనగగింజంత జెల్‌తో చర్మం తడవడం తప్ప ఏమీ జరగదు. రెండోది, ఇది గంటలో లేపి నడిపించే మందు కాదు. పూర్తి ప్రభావం కనపడడానికి వారం పట్టవచ్చు. వారం సరిగ్గా రాసినా ఏమాత్రం తేడా లేకపోతే అప్పుడు "పనిచేయలేదు" అనండి.

చిప్ప మీద ఒక్కచోటే కాదు, మోకాలి చుట్టూ, పక్కలకూ రాయాలి. గట్టిగా మర్దనా అక్కర్లేదు, పరిచినట్టు రాస్తే చాలు. పది నిమిషాలు ఆరనిచ్చి చీర దించుకోవచ్చు. గంటసేపు కడగకూడదు. రాసినవాళ్లు మాత్రం చేతులు కడుక్కోవాలి. గాయం, పుండు, గోకుడు ఉన్నచోట రాయొద్దు. రాసిన మీద కాపడం పెట్టొద్దు, గుడ్డ బిగించి కట్టొద్దు. వేడికి మందు ఒంట్లోకి ఎక్కువగా లాగేసుకుంటుంది. వావిలాకు కాపడం ఆవిడకు హాయిగా ఉంటే మానిపించకండి, జెల్‌కు దూరంగా, వేరే పూట పెట్టండి.

ఇంకో గందరగోళం కూడా ఉంది. గూట్లో జెల్ పక్కనే బామ్ డబ్బా ఉందన్నారు, రెండూ ఒకటే అనుకుని ఏది చేతికొస్తే అది రాస్తున్నారట. ఒకటి కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచీ బామ్ లేని తెలుగిల్లు లేదు, నాకూ ఆ వాసనంటే ఇష్టమే. కానీ మెంథాల్, కర్పూరం ఉన్న బామ్‌లు చర్మాన్ని చల్లగానో మంటగానో మార్చి, మనసును నొప్పి మీంచి మళ్లిస్తాయి. వాపును తగ్గించే పని డైక్లోఫినాక్, కీటోప్రొఫెన్ లాంటివి చేస్తాయి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో డైక్లోఫినాక్ డైఈథైలమైన్ 1.16 శాతం అని ఉంటే అదే మీ మందు. కొన్నింటిలో దీనితో పాటు మిథైల్ సాలిసిలేట్, మెంథాల్, అవిసె నూనె కలుపుతారు. మీ అత్తగారికి ఆ కలగలుపు వద్దు, ఉత్త డైక్లోఫినాక్ ఉన్నదే అడగండి.

ఇప్పుడు మరిది పంపిన రాబందుల మెసేజ్. అందులో రాబందుల సంగతి అబద్ధం కాదు, అందుకే అంత గట్టిగా తగిలింది. పశువులకు ఇచ్చిన డైక్లోఫినాక్ వాటి కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయాయని 2004లో తేలింది. పశువైద్యంలో దాన్ని మన దేశం 2006లో నిషేధించింది. అయితే ఆ మెసేజ్‌లో లేనిది ఒకటుంది. 2023లో పశువులకు నిషేధించిన మరో రెండు మందుల్లో ఒకటి ఎసిక్లోఫినాక్. అది ఒంట్లోకి వెళ్లాక కొంత డైక్లోఫినాక్‌గానే మారుతుంది. అంటే మరిది జెల్‌కు భయపడమని చెబుతూ, అదే జాతి మందును పొట్లం కట్టి పంపుతున్నాడు!

మనుషులు రాబందులు కారు, మన ఒంట్లో ఆ మందు త్వరగానే విడిపోతుంది. కానీ కిడ్నీ మీద దాని పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. నొప్పి, వాపు పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా ఆపడమే ఈ మందుల పని. మోకాలిలో అది మంచిదే. కిడ్నీలో మాత్రం అవే పదార్థాలు రక్తనాళాలు ముడుచుకుపోకుండా కాపాడుతుంటాయి, ముఖ్యంగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు. మాత్ర మింగితే మందు రక్తంలో కలిసి కిడ్నీ దాకా పూర్తిగా వెళ్తుంది. ఒక మోకాలికి రోజుకు 16 గ్రాముల జెల్ రాసినా రక్తంలోకి చేరేది మాత్రలతో చేరేదానిలో సుమారు 6 శాతమే. రెండు మోకాళ్లు, రెండు చేతులు కలిపి 48 గ్రాములు పూస్తే అది 20 శాతం దాకా వెళ్తుంది. కాబట్టి జెల్‌లో ముప్పు సున్నా కాదు, చాలా తక్కువ. మూడుసార్లు రెండేసి గ్రాములు, రెండు మోకాళ్లకు కలిపి 12 గ్రాములు. దానికీ మాత్రలకూ పోలికే లేదు.

1.4 చూసి మరిది "అంచు మీదే ఉంది, ఏం కాదులే" అన్నాడని రాశారు. ల్యాబు కాగితం మీద అది అంచులాగే కనిపిస్తుంది. కానీ 66 ఏళ్ల స్త్రీకి 1.4 అంటే కిడ్నీలు వడకట్టే వేగం 40 దగ్గర ఉన్నట్టు లెక్క. 60 కంటే తక్కువ మూడు నెలలపాటు ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇదీ అని ఇంకా తేలలేదు, నొప్పి మాత్రల వల్లే అని నేను చెప్పను. కారణం ఏదైనా, ఇప్పటికే తగ్గిన కిడ్నీ మీద ఆ మాత్రలు భారం వేస్తాయి. పైగా మీ అత్తగారి బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టాన్ రకం ఒకటి, నీరు బయటికి పంపే రకం ఒకటి. ఈ రెండింటికీ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ముప్పు పెరుగుతుందని డాక్టర్లందరికీ తెలిసిన విషయం. దానికి తోడు వేసవి ఎండలో జీడితోట, చెమట, సరిపడా తాగని నీళ్లు. మీ భయం ఉత్త అనుమానం కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ బుల్లి మాత్ర. పొట్లాల్లో కలిపే బుల్లి మాత్ర చాలాసార్లు డెక్సామెథజోన్ లాంటి స్టెరాయిడ్ అయి ఉంటుంది. మీ అత్తగారిది అదేనని చూడకుండా చెప్పలేను. కానీ వేసుకున్న గంటకు లేచి తిరగడం, ముఖం ఉబ్బడం చూస్తే ఆ అనుమానం వస్తుంది. అదే అయితే ఏళ్ల తరబడి వాడినవాళ్లు హఠాత్తుగా ఆపకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. మందు ఆగగానే నీరసం, వాంతులు, ఆకలి చావడం, బీపీ పడిపోవడం జరగవచ్చు. మీరు పొట్లాలు దాచిన రెండు రోజులూ ఆవిడ అన్నం మానేసి మంచం దిగలేదన్నారు. అలకే కావచ్చు. ఒంట్లో నిజంగానే సత్తువ లేక కావచ్చు కూడా. అందుకని ఇంకోసారి దాచొద్దు. పెద్ద మాత్రను ఈ రోజే ఆపినా ప్రమాదం లేదు. బుల్లి మాత్ర సంగతి రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించి, ఆపాలా, మెల్లగా తగ్గించాలా తేల్చుకోండి. షుగరు కూడా ఒకసారి చూపించండి, స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆవిడను నొప్పితో ఉంచే హక్కు మీకు లేదు. అలాగే చెప్పకుండా కిడ్నీలను పణంగా పెట్టే హక్కు మరిదికీ లేదు. ఆ మోకాళ్లు ఆవిడవి. మీ ఉత్తరమంతా చదివితే ఒక్క విషయం ఎక్కడా కనిపించలేదు: 1.4 అంటే ఏమిటో, ఆ పొట్లాలకూ కిడ్నీకీ ఉన్న లంకె ఏమిటో ఆవిడ చెవిలో ఎవరైనా గట్టిగా, నెమ్మదిగా చెప్పారా? డాక్టరు మీతో చెప్పారు, మీరు భర్తతో చెప్పారు, భర్త ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు తెలిసిందల్లా కొడుకు మందు పంపుతున్నాడు, కోడలు ఆపేస్తోంది అన్నది మాత్రమే. తోడబుట్టినవాడు డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషికి ఈ లెక్క ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు, చెబితే చాలు. నాకు తెలిసి ఇలాంటి పెద్దవాళ్లలో చాలామంది విన్న తర్వాత తామే పొట్లం పక్కన పెడతారు. పెట్టకపోయినా, అది తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

ముందు మీరు ఆవిడను అడగాల్సింది ఒకటుంది: "అత్తా, ఏ పని చేయగలిగితే నీకు చాలు?" తోటకు వెళ్లాలనా, గుడి మెట్లు ఎక్కాలనా, రాత్రి కాళ్లు పీకకుండా పడుకోవాలనా? ఒక్కోదానికి దారి వేరు. రాత్రి నిద్రే కావాలంటే పడుకునే ముందు జెల్, డాక్టరు సరేనంటే ఒక పారాసిటమాల్ సరిపోవచ్చు. అది అరిగిన మోకాలికి గొప్ప మందు కాదు గానీ కిడ్నీకి వీటంత భయం లేదు. పొట్లం మాత్రలో అది ఇప్పటికే ఉందని మాత్రం గుర్తుంచుకోండి, రెండూ కలిపి వేయకూడదు. తోటే కావాలంటే మందుకంటే తొడ కండరం బలం ముఖ్యం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి అయిదు అంకెలు లెక్కపెట్టి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. మొదటి వారం పదిరోజులు కాస్త లాగుతుంది, ఆపేయకూడదు. కుడి మోకాలు ఎక్కువ బాధ పెడుతోంది కాబట్టి కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. గొంతుక్కూర్చునే పని తగ్గాలి: కమోడ్ కుర్చీ, కూరలు తరగడానికి ఎత్తు పీట. నిజానికి ఆ కుర్చీ కొనడమే కొన్ని ఇళ్లలో మాత్ర కంటే ఎక్కువ పనిచేస్తుంది, పరువు అడ్డొచ్చి ఎవరూ కొనరు. ఇవన్నీ చేసినా నడక కుదరకపోతే మోకాలిలో ఇంజెక్షన్, ఆ పైన కీలు మార్పిడి ఉన్నాయి. వాటికి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలోనో, శ్రీకాకుళంలోనో ఎముకల డాక్టరును కలవాలి. మీ ఆరోగ్య కార్డు ఒడిశాది కాబట్టి సరిహద్దు దాటే ముందు ఆ ఆసుపత్రిలో అది చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. కొన్నిచోట్ల తిరిగి వెనక్కి రావాల్సి వస్తుంది.

మరిది విషయంలో మీకు మూడు దారులున్నాయి. ఊరుకోవడం ఒకటి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, పొట్లాలు వస్తూనే ఉంటాయి, మూడు నెలల తర్వాత క్రియాటినిన్ 1.4 దగ్గరే ఉంటుందని నమ్మకం లేదు. అందరి ముందూ నిలదీయడం రెండోది. చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు ఇస్తున్నాడు కాబట్టి న్యాయం మీ వైపే ఉంటుంది. కానీ "అమ్మకు విషం పెడుతున్నానంటోంది వదిన" అన్న మాట ఆ సాయంత్రానికి ఆడపడుచు దాకా వెళ్తుంది, మీ అత్త కొడుకు వైపే నిలబడుతుంది, జెల్ ట్యూబు గూట్లోనే ఉండిపోతుంది. మందుల షాపు కౌంటరు వెనక నుంచి చూస్తే అతని బాధ కూడా నాకు అర్థమవుతుంది. తల్లి ఫోన్‌లో మూలుగుతుంటే చేతికందే దూరంలో మాత్ర ఉన్న కొడుకు ఇవ్వకుండా ఉండలేడు. అతను చేస్తున్నది తప్పు, ప్రేమ లేక మాత్రం కాదు.

మూడో దారి మీ భర్త ద్వారా. ఆయన మాట్లాడరంటున్నారు కాబట్టి పెద్ద మాటలు అడగొద్దు. ఒక్క ఫోను చేయించండి: "తమ్ముడూ, డాక్టరు అడుగుతున్నాడు, ఆ చిన్న మాత్ర పేరు, ఎన్ని రోజుల నుంచి ఇస్తున్నావో రాసి పంపు." ఇందులో నింద లేదు, తప్పించుకునే వీలు కూడా లేదు. షాపు నడిపేవాడికి డాక్టరు అడుగుతున్నాడంటే ఎందుకో వెంటనే తెలుస్తుంది. కుదిరితే డాక్టరు దగ్గరికి ఈసారి అతన్నే అమ్మతో పంపండి. కోడలు చెబితే అనుమానం, కొడుకు చెబితే నమ్మకం, మన ఇళ్లలో ఇది ఎలాగూ ఉన్నదే. దీనివల్ల ఒక నష్టం ఉంది: ఇన్నాళ్లూ మీరు పడిన కష్టానికి పేరు అతనికి వెళ్తుంది. అది మింగగలిగితేనే ఈ దారి పట్టండి.

జెల్ ఎవరు రాయాలి అన్న పేచీ గురించి కూడా రాశారు. "నువ్వు విసుగ్గా ముట్టుకుంటావు" అన్నారట. ఆవిడ చేతులు బాగానే ఉన్నాయి కదా, ఆవిడే రాసుకోవచ్చు. పొద్దున మీరు కొలిచి వేలి మీద నాలుగు వరుసలు ఎంతో చూపించండి, మధ్యాహ్నం మీరు సెంటర్లో ఉన్నప్పుడు ఆవిడే కొలుచుకుంటారు. ఖర్చు సంగతి కూడా ముందే ఇంట్లో చెప్పేయండి. రోజుకు 12 గ్రాములంటే 30 గ్రాముల ట్యూబు రెండున్నర రోజులే వస్తుంది. ట్యూబు అంత త్వరగా అయిపోవడం చూసి మీ అత్తే "ఇంత రాయక్కర్లేదు" అని మళ్లీ శనగగింజ దగ్గరికి వెళ్లిపోతారు. జన ఔషధి దుకాణంలో అడిగి చూడండి, లేదా పెద్ద ట్యూబు తీసుకోండి. మరిదికి అమ్మకు ఏదైనా పంపాలనే ఉంటే, పొట్లానికి బదులు ఈ ట్యూబులు పంపమనండి. ఆడపడుచు నోటికీ అదే జవాబు.

ఎండలో తోటకు వెళ్లే రోజుల్లో రాసిన మోకాళ్లు చీర కింద కప్పి ఉంచాలి. షాపులో డైక్లోఫినాక్ లేదని కీటోప్రొఫెన్ జెల్ ఇస్తే తీసుకోవద్దు, ఎండ తగిలితే దానితో చర్మం కమిలి బొబ్బలు లేచే ప్రమాదం ఎక్కువ. ఆవిడకు ఆస్తమా ఉండి, ఎప్పుడైనా ఆస్పిరిన్‌తో గానీ నొప్పి మాత్రతో గానీ ఆయాసం వచ్చి ఉంటే జెల్ మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పండి. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజుల్లో జెల్ కూడా ఆపి, బీపీ మాత్ర సంగతి డాక్టరును అడగండి. రాసినచోట దద్దుర్లు లేస్తే ఆపేయండి. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, ఆయాసం, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా మరుసటి రోజుదాకా ఆగొద్దు. మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే అది అరుగుదల కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ మాత్ర అట్ట, విప్పని పొట్లం ఒకటి, జెల్ ట్యూబు, పాత రిపోర్టు ఒక సంచిలో వేసుకెళ్లండి. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయలేదన్నారు, అది అడగండి. క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ రాయించుకోండి. అక్కడ కుర్చీ మాత్రం డాక్టరుకు ఎదురుగా మీ అత్తగారికి వేయించి, మీరు పక్కన కూర్చోండి.